పై అంతస్తులో తడి ఇసుక

1984 జూన్ నెలలో, గాజువాక దాటాక ఉన్న ఒక పునరావాస కాలనీలో, గురువమ్మ అనే మత్స్యకార స్త్రీ గదికి అధికారులు తాళం వేశారు. ఆమె ఇలవేల్పును గదిలోంచి తీయించి మెట్ల కింద పెట్టించారు. దేవతకు ఆమె పోసిన నీటివల్ల శ్లాబు దెబ్బతిన్నదని కారణం చూపారు. ఆ కారణం అబద్ధం.

గురువమ్మది చిన్నరేవు. ఓడల కోసం తీరాన్ని తవ్వినప్పుడు ఖాళీ చేయించిన పల్లెల్లో అదొకటి. భర్త సముద్రంలో పోయాడు. కొడుకు ఎల్లాజీ తండ్రి వేటాడిన నీళ్లలోనే వేటాడేవాడు. కోడలు సీతాలూ, గురువమ్మా చేపల గంపలు మోసేవారు. వాళ్ల తాటాకింట్లో తూర్పుమూల అమ్మవారు ఉండేది. ఆమెకు విగ్రహం లేదు, పటం లేదు. పసుపు పూసిన చిన్న మట్టికుండ, అందులో నాలుగు గవ్వలు, పాత వలలోంచి కోసిన ఒక ముడి. ఆ ఇంటినుంచి వేటకు వెళ్లి తిరిగిరాని మగవాళ్లు కూడా ఆ కుండలోనే అమ్మవారి దగ్గర ఉంటారని ఆ ఇంటివారి నమ్మకం.

కుండ కంటే ముఖ్యమైనది కుండ కింద ఉన్నది. తమ నావ ఒడ్డుకు లాగే చోటి ఇసుకను తెచ్చి, నేలమీద గద్దెగా పోసి, దానిమీద కుండను కూర్చోబెడతారు. ఆ ఇసుక ఆరకూడదు. ఆరితే అమ్మవారి పాదాలు పగులుతాయి. పగిలితే ఆమె నీళ్లు వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. అందుకని ఇంటి పెద్దకోడలు వారంవారం సముద్రపు నీళ్లు తెచ్చి గద్దె తడుపుతుంది. మగవాడు వేటకు బయలుదేరే ముందు ఆ తడి ఇసుకలోంచి చిటికెడు తీసి నుదుట రాసుకుని, మిగిలింది మొలలో దోపుకుంటాడు. ఆ చిటికెడు లేకుండా ఎల్లాజీ ఏనాడూ నావ ఎక్కలేదు. అతని తండ్రీ ఎక్కలేదు.

దీన్ని మూఢనమ్మకమనే చదువరులు ఉంటారు. కాలనీకి వెళ్లి ఈ సంగతులు విచారించి రాస్తున్న మేము వారితో ఇక్కడ వాదం పెట్టుకోవడం లేదు. ఒక కుటుంబాన్ని ఒక చోటునుంచి లేపి మరోచోట కూర్చోబెట్టే బాధ్యత తీసుకున్నవారు, ఆ కుటుంబం దేనిమీద కూర్చుని ఉందో అడిగి తెలుసుకోవాలి. ఎవరూ అడగలేదు.

1979లో గదులు పంచారు. రెండంతస్తుల వరసలు, కుటుంబానికొక గది, ముందు సన్నటి వరండా. చీటీలో గురువమ్మకు పై అంతస్తు వచ్చింది. కాలనీ వ్యవహారాలు చూసే అధికారి శ్రీరామ్మూర్తి దగ్గరకు ఆమె మరిది జగ్గారావును వెంటబెట్టుకుని వెళ్లింది.

"బాబూ, నాకు కిందగది ఇప్పించండి. మా అమ్మోరు నేల నేకపోతే కూకోదు."

"పైన గాలి బాగా వస్తుందమ్మా. అందరూ పైగదే కావాలంటున్నారు. నువ్వే కిందకి దిగుతానంటున్నావు."

"నాకు గాలి కొత్తేటి బాబూ. పుట్టినకాడ నుంచి గాల్లోనే ఉన్నాను. నాకు నేల కావాలి."

"పైనా నేలే గదమ్మా. కాళ్లు పెడితే దిగిపోతావా?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. మెట్లు దిగుతూ జగ్గారావు అన్నాడు. "వదినా, మనూర్లో డాబా ఎక్కినోడు ఒక్కడూ నేడు. నువ్వు ఏకంగా అమ్మోరినే ఎక్కించేత్తన్నావు. రేపు మనల్ని గుర్తుపడతాదో నేదో."

గది చిన్నది. గురువమ్మ కుండను ఒళ్లో పెట్టుకుని మధ్యలో కూర్చుంది. సీతాలు ఒక్కొక్క మూలా చూపించింది.

"పొయ్యి పక్కనెట్టీ అత్తా."

"పొయ్యి సెగకి దానికి ఒల్లు మండదేటి?"

"తలుపు ఎనకాల?"

"వొచ్చినోడల్లా తలుపు తోసి దాని మొకాన కొడతాడు."

"కిటికీ కింద?"

"కిటికీలోంచి మరుగుదొడ్డి అగుపడతాది. దాన్ని సూత్తా కూకోమంటావేటి అమ్మోరిని?"

"అయితే ఇక మిగిలింది మా సాప పరిసిన మూలే. అమ్మోరూ నానూ నీ కొడుకూ ఒక్క సాప మీద పడుకుంటాం. పిల్లలెలగ పుడతారో నువ్వే సెప్పు."

గురువమ్మ నవ్వింది. ఆ రోజు ఆమె నవ్విన సంగతి సీతాలు ఇప్పటికీ చెబుతుంది. చివరకు తూర్పుమూలే ఖాయమైంది. సముద్రం అటువైపు. మధ్యలో ఎన్ని కొండలూ పొగగొట్టాలూ ఉన్నా అటువైపే. కొడుకూ కోడలూ చాప తీసుకుని వరండాలోకి మారారు.

ఇక గద్దె. శ్లాబు మీద ఇసుక పోస్తే తడి కిందకు దిగుతుందేమోనని ఎల్లాజీకి అనుమానం వచ్చింది. "రేకు పల్లెం ఒకటి కొందామే అమ్మా. అందులో యిసుక పోసీ."

"పల్లెంలో ఎట్టేది బేరానికిరా. అమ్మోరిని ఏలంపాటకి ఎడతావేటి?"

ఎల్లాజీ వెళ్లి బంకమట్టి తెచ్చాడు. నాలుగువైపులా బంకమట్టి గట్టు కట్టి, శ్లాబు మీదే ఇసుక పోశారు. ఈ ఇసుక తేవడానికి గురువమ్మ చిన్నరేవు తీరానికి వెళ్లింది. అప్పటికి అక్కడ పల్లె లేదు. కంచె, కంచెలో ఖాళీ, ఖాళీలోంచి ఇసుక ఎత్తుకుపోతున్న లారీలు ఉన్నాయి. కాపలావాడు లారీలను ఆపలేదు, ఈమెను ఆపాడు. బతిమాలితే ఒక గంపెడు ఎత్తుకోనిచ్చాడు.

నీళ్లు మాత్రం చేపలరేవు దగ్గర దొరికేవి. చేపలు అమ్ముకుని తిరిగివచ్చేటప్పుడు తపేలాతో ముంచుకుని గాజువాక బస్సు ఎక్కేది. కండక్టరు గవర్రాజుకు ఆమె అలవాటైపోయింది.

"ఏటమ్మా, మళ్లీ సముద్రాన్ని బస్సెక్కించేసావా. దానికి టిక్కెట్టు తీసావా?"

"ఇది సిన్న సముద్రం బాబూ. అరటిక్కెట్టు కొట్టు."

"ఒళ్లో కూకోబెట్టుకో. మనిసిని తడిపితే నాను పూసీ కాదు."

ఇంత దూరం మోసుకువచ్చిన నీటిని ఆమె దోసిలితో కొలిచి పోసేది. కడవలతో కుమ్మరించినట్టు తరువాత అధికారులు రాసుకున్నారు. బస్సులో ఒక ముసలావిడ ఒళ్లో పట్టే తపేలాలో కడవలు ఎక్కడివో వారు చెప్పాలి.

కింది గదిలో పద్మావతి ఉండేది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. భర్త నరసింహమూర్తి ఉక్కు కర్మాగారం నిర్మాణంలో ఒక గుత్తేదారు దగ్గర లెక్కలు రాసేవాడు. ఆ గది వేరొకరి పేర ఉంది. వీరు అద్దెకు ఉన్నారు. కాలనీ నిబంధనల ప్రకారం అది కుదరదు. కాలనీలో సగంమంది అలాగే ఉండేవారు, అందరికీ తెలుసు.

నాలుగో ఏడు వానలు తగ్గాక పద్మావతి పైకి వచ్చింది.

"గురువమ్మగారూ, మా ఇంట్లో ఆ మూల పైన చెమ్మ దిగుతోందండి. అద్దె కడుతున్నందుకు జల్లు కూడా ఇస్తున్నారేమో అనుకున్నాం. మీ అమ్మవారిని కాస్త చూసుకోమనండి."

"సెప్తాను పద్మమ్మా. దాని సెవిన పడితే గదా."

హాస్యానికి అన్నా గురువమ్మ అప్పుడే కిందకు వెళ్లి చూసింది. తూర్పుమూల, సరిగ్గా గద్దె కింద, చాటంత మరక ఉంది. ఆమె దానివంక చూసిన తీరుకు పద్మావతే ఇబ్బందిపడి, "పోనీలెండి, సున్నం వేయిస్తే పోతుంది" అంది.

గురువమ్మ ఆ వారమే గద్దె తీసేసింది. సీతాలు చేపలు మోసే సత్తు బేసినును బూడిదతో తోమి, కింద ఇటుకలు పేర్చి, దానిలో ఇసుక పోసి కుండ పెట్టింది. పరాయి ఆడదాని ఇంటిమీద తన దేవత చెమ్మ దిగకూడదని ఆమె ఈ పని చేసింది. ఏ అధికారీ చెప్పి చేయించలేదు. 1983 నవంబరు తరువాత ఆ శ్లాబు మీద ఒక్క చుక్క పడలేదు. కింద మరక ఆరి, అంచుల్లో తెల్లగా ఉప్పు మిగిలింది. పద్మావతి సున్నం వేయించింది.

ఈ మార్పుకు మూల్యం పై గదిలో చెల్లింది. వేటకు బయలుదేరుతూ చిటికెడు తీసుకోబోయి ఎల్లాజీ బేసిను దగ్గర ఆగిపోయాడు.

"ఏలంపాటకి ఎట్టేసావా అమ్మా?"

అతను ఇసుక తీసుకున్నాడు. వెళ్లాడు, తిరిగి వచ్చాడు. కాని అప్పటినుంచి వేట బాగాలేదు. వల చిరిగినా, ఇంజను ఆగినా, గురువమ్మ బేసిను వైపే చూసేది. నేలమీద కూర్చోవలసినదాన్ని చేపల బేసినులో కూర్చోబెట్టానన్న మాట ఆమెను తినేసింది.

1984 మే నెలలో ఒక మధ్యాహ్నం పద్మావతి పొయ్యిమీద పప్పు పెట్టి పంపు దగ్గరకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పొయ్యి లేదు. పైనుంచి పెద్ద పెచ్చు ఊడి, పప్పుగిన్నెనూ పొయ్యినీ నలగగొట్టి, గదినిండా పొడి చేసింది. శ్లాబులో తుప్పుపట్టి ఉబ్బిన ఇనుప చువ్వలు బయటపడ్డాయి.

పద్మావతి పొయ్యి పడమటి గోడ దగ్గర ఉంది. అమ్మవారి బేసిను తూర్పుమూల ఉంది. మధ్యలో గది మొత్తం ఉంది. ఈ సంగతి తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు. తల ఎత్తి చూడాలి, అంతే.

మర్నాడు శ్రీరామ్మూర్తి వచ్చాడు. పెచ్చు ఊడిన గదిలోకి కాక నేరుగా పైగదిలోకి వెళ్లాడు.

"ఇదేమిటి?"

"మా అమ్మోరు బాబూ."

"నీళ్లు పోస్తావా?"

"పోత్తాను."

"ఉప్పునీళ్లా?"

"సముద్రం నీల్లే బాబూ."

"ఎప్పటినుంచి?"

"ఈ గదికొచ్చినకాడ నుంచీ."

ఆయన రాసుకున్నాడు. బేసిను ఎప్పుడు పెట్టావని అడగలేదు. తరువాత కిందకు దిగాడు. అక్కడ పద్మావతి తానే ముందుకు వచ్చింది.

"సార్, చెమ్మ దిగింది అటు మూలండి. అదీ ఎప్పుడో ఆరిపోయింది. ఊడిపడింది ఇటు. ఇటువైపు పైన వాళ్ల బియ్యం డబ్బా తప్ప ఇంకేం ఉండదండి."

శ్రీరామ్మూర్తి నరసింహమూర్తి వైపు తిరిగాడు. "ఈ గది ఎవరి పేర ఉందండీ?"

నరసింహమూర్తి వెంటనే, "పద్మా, నువ్వు లోపలికి వెళ్లు" అన్నాడు.

లోపలికి వెళ్లడానికి ఆ ఇంట్లో రెండో గది లేదు. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. ఒక సాక్షి నోరు మూయించడం అంత తేలికగా జరిగింది. ఆ దంపతులను మేము తప్పుపట్టం. ఆ ప్రశ్న ఎందుకు వేశారో వేసినవారికి తెలుసు.

తరువాత విచారణ అనే పేరుతో ఒకటి నడిపారు. గురువమ్మను కార్యాలయానికి పిలిచి, శ్లాబు పాడైనందుకు బాధ్యత ఒప్పుకుంటావా అని అడిగారు. ఆమెతో జగ్గారావు ఉన్నాడు. ఆమె చెప్పిన జవాబు అతను మాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

"తప్పు నాదే బాబూ. నేలమీద కూకునేదాన్ని బేసిన్లో కూకోబెట్టాను. దానికి కోపం వొచ్చింది. కోపం వొచ్చి ఇల్లు దులిపింది."

జగ్గారావు ఆమె చెయ్యి పట్టి లాగాడు. "వదినా, నువ్వూరుకో. ఆల్లడిగింది అది కాదు."

"అబద్ధం ఆడమంటావేటి జగ్గారావూ, దాని సంగతిలో."

రికార్డులోకి ఎక్కింది మొదటి వాక్యం మాత్రమే. తప్పు నాదే. ఒక మనిషి అంగీకారాన్ని వాడుకోదలిస్తే మొత్తంగా వాడుకోవాలి, కావలసిన ముక్క కోసుకోకూడదు. న్యాయశాస్త్రం మొదటి సంవత్సరంలో నేర్పే సంగతి ఇది. మొత్తం చదివితే ఏముంది? నీటిని ఆపిన పనినే ఆమె తన నేరంగా చెప్పుకుంది. బేసిను పెట్టడమే తప్పంది. దాన్ని, నీళ్లు పోసి కట్టడాన్ని కూల్చినట్టు ఒప్పుకోలుగా మార్చారు.

జూన్‌లో కేటాయింపు రద్దుచేసి తాళం వేయడానికి వచ్చినప్పుడు గురువమ్మ చేపల దగ్గర ఉంది. సీతాలు బతిమాలింది, జగ్గారావు అడ్డుపడ్డాడు. బేసినులోని ఇసుకను మురుగుకాలువలో బోర్లించారు. కుండను పగలగొట్టలేదు, అంత మర్యాద పాటించారు. మెట్ల కింద, చీపుళ్లు పెట్టేచోట ఉంచారు.

గురువమ్మ తపేలాతో నీళ్లు పట్టుకునే వచ్చింది. కుండ దగ్గర కూర్చుంది. చేయి లోపల పెట్టి చూసింది. గవ్వలు ఉన్నాయి, వలముడి ఉంది. నీళ్లు పోస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె తపేలాను పక్కకు నెట్టింది.

"నీల్లు పొయ్యి వదినా," అన్నాడు జగ్గారావు. "ఎండకి ఎండిపోయుంటాది."

"ఎవులికి పొయ్యమంటావు. ఎల్లిపోనాది."

ఆ వానాకాలం మిగతా వరసల్లో కూడా పెచ్చులు ఊడాయి. గట్టు గద్దెలు లేని గదుల్లో, పటాలు మాత్రమే ఉన్న గదుల్లో, ఏ దేవుడూ లేని కాలనీ కార్యాలయంలో కూడా ఊడాయి. కార్యాలయం పెచ్చుకు బాధ్యులెవరో మాకు తెలియజేయలేదు. గదుల్లో మట్టి, ఇసుక గద్దెలు పెట్టరాదని మాత్రం ఒక ఉత్తర్వు అంటించారు. దాని ముందు నిలబడి జగ్గారావు, చదువు రాకపోయినా చదివించుకుని, అన్నాడు.

"మన రేవు ఖాళీసేసిన నెల్లోనే లారీలొచ్చాయి గదా. మన యిసుకే ఎత్తుకొచ్చి మన నెత్తిమీద డాబా ఏసారు. వదిన సారెడు పోత్తే నేరం. ఆల్లు లారీలతో పోత్తే కాలనీ."

ఎవరూ నవ్వలేదు. లారీలు తీరం నుంచి కాలనీకి వెళ్లడం చూసినవారు ఆ గుంపులోనే చాలామంది ఉన్నారు. మేము వారందరి మాటా నమోదు చేశాం. ఉప్పు ఇసుకతో వేసిన శ్లాబులో ఇనుము తుప్పుపట్టకుండా ఉండదు. అది గురువమ్మ తపేలా కోసం ఆగలేదు. ఆమె పోసిన నీటివల్ల తూర్పుమూల మరక పడిందన్నది నిజం, మేము దాచడం లేదు. ఆ మూల ఇప్పటికీ ఊడలేదన్నదీ నిజం.

ఆ కుటుంబం ఇప్పుడు గోపాలపట్నంలో సీతాలు మేనమామ పెరట్లో రేకుల పంచన ఉంటోంది. సముద్రానికి చాలా దూరం. అక్కడ మట్టినేల ఉంది. వెళ్లిన కొత్తలో సీతాలు ఒక మూల అలికి, ముగ్గు వేసి అత్తను పిలిచింది.

"ఇక్కడ నేలే అత్తా. పెట్టీ."

"ఏటి పెట్టమంటావే. కుండా?"

కుండ ఇప్పుడు చింతపండు పెట్టుకునే డబ్బాల పక్కన ఉంది. గవ్వలతో, కాలనీలో పుట్టిన సీతాలు కూతురు ఆడుకుంటోంది. వద్దని ఎవరూ అనడం లేదు. ఎల్లాజీ నావలో తన భాగాన్ని వదులుకున్నాడు. ఉక్కు కర్మాగారం పనుల్లో సిమెంటు బస్తాలు మోస్తున్నాడు. మళ్లీ వేటకు వెళతావా అని అడిగితే, "మొలలో ఏటెట్టుకుని ఎల్లమంటారు" అన్నాడు. తల్లి ముందు ఆ మాట అనలేదు. తల్లి మాత్రం విచారణలో ఏం చెప్పిందో ఇప్పటికీ అదే చెబుతోంది. పెచ్చు పడమట ఊడిందనీ, ఇసుక ఉప్పుదనీ, ఆమె తప్పేమీ లేదనీ మేము ఎన్నిసార్లు చెప్పినా వింటుంది. విని, "మీరు మంచోల్లు బాబూ" అంటుంది. ఆమెనుంచి గదిని తీసుకున్నవారు ఆ గదితోపాటు, తాను నిర్దోషినని నమ్మే శక్తిని కూడా తీసుకున్నారు. గది తిరిగి ఇవ్వగలరు. రెండోది ఇవ్వగలరని మాకు నమ్మకం లేదు.

అయినా అడుగుతున్నాం. కాలనీ కట్టించిన అధికారులను, కట్టిన గుత్తేదారును, తాళం వేయించిన శ్రీరామ్మూర్తిగారిని అడుగుతున్నాం. పద్మావతి పొయ్యిమీది శ్లాబునూ, మీ కార్యాలయం శ్లాబునూ, మీ చెప్పుచేతల్లో లేని ఇంజనీరు చేత, కాలనీవారి ఎదుట పగలగొట్టించి, ఆ ఇసుకను పరీక్షకు పంపండి. ఫలితాన్ని తెలుగులో రాసి ఆ ఉత్తర్వు అంటించిన గోడమీదే అంటించండి. నిజం చెప్పినందుకు పద్మావతి కుటుంబాన్ని ఖాళీ చేయించబోమని రాసి ఇవ్వండి. గురువమ్మ చెప్పిన జవాబును మొత్తంగా రికార్డులోకి ఎక్కించి, రద్దు ఉత్తర్వును ఉపసంహరించండి. ఆమెకు కిందగది ఇవ్వండి. అందులో తూర్పుమూల మూడడుగుల మేర సిమెంటు తీసేసి మట్టి వదలండి. ఆమె వచ్చి అక్కడ ఏమైనా పెడుతుందా, లేదా అన్నది మీకు సంబంధించిన విషయం కాదు. ఆ మట్టి ఆమెకు బాకీ. ముందు అది తీర్చండి.